రాత్రి ఒంటిగంట లెక్క

నల్లకుంట,
మంగళవారం

చిరంజీవి చిన్నికి,

నీ వాయిస్ మెసేజ్ మూడుసార్లు విన్నాను. తొమ్మిది నిమిషాలు! అందులో సగం మాటలు, సగం ముక్కు ఎగబీల్చడం. ఫోన్ చేసి ఓదార్చవచ్చు. కానీ ఫోన్‌లో నువ్వు "ఆఁ పెద్దమ్మా, సరే పెద్దమ్మా" అంటూనే ఇంకో చేత్తో కుక్కర్ మూత పెడతావు. ఉత్తరమైతే రెండోసారి చదువుతావని మీ పెదనాన్న పాత లెటర్ ప్యాడ్ బయటికి తీశాను.

నాకు అర్థమైనంతవరకు జరిగింది ఇది. మీ కూకట్‌పల్లి అపార్ట్‌మెంట్‌లో నలభై ఫ్లాట్లు. ఇంకెవరూ ఒప్పుకోలేదు కాబట్టి నిన్ను ట్రెజరర్‌ని చేశారు. పాత పుస్తకాలు తిరగేస్తే ఎండాకాలం మెయింటెనెన్స్‌లో సగం ట్యాంకర్లకే పోతోందని తేలింది. ఆదివారం మీటింగ్‌లో లేచి "ఫ్లాటుకో మీటరు పెడదాం, ఎవరు వాడుకున్న నీళ్లకు వాళ్లు కడదాం" అన్నావు. రెండో అంతస్తులో ఒంటరిగా ఉండే పెద్దావిడ ఒక్కతే బాగుందంది. ఆరుగురున్న ఇంటాయన "అయితే మా పిల్లల్ని స్నానాలు మానెయ్యమంటారా?" అన్నాడు. వెనక కుర్చీల్లోంచి ఎవరో "గవర్నమెంటే ఫ్రీగా ఇస్తుంటే నువ్వెవరమ్మా డబ్బులడగడానికి?" అన్నారు. నువ్వు ఫైలు బల్ల మీద పడేసి వచ్చేశావు.

వాళ్లందరికీ బుద్ధిలేదన్నావు. ఉంది తల్లీ. ముగ్గురూ చెప్పింది నిజమే. నీ చిక్కంతా అక్కడే ఉంది.

ముందు ఆ వెనక కుర్చీ ఆయన సంగతి చూద్దాం. 2020 చివర్లో జీహెచ్ఎంసీ ఎన్నికలప్పుడు నెలకు ఇంటికి 20,000 లీటర్ల నీళ్లు ఉచితం అన్నారు. 2021 జనవరి 12న రహమత్‌నగర్‌లో మొదలుపెట్టారు. ఢిల్లీలో అంతకుముందే ఇదే లెక్క నడిచింది. ఇరవై వేలంటే రోజుకు 666 లీటర్లు. మనిషికి రోజుకు 135 లీటర్లు చాలని నగరాల నీటి సరఫరాకు కేంద్రం పెట్టుకున్న కొలత. ఆ ప్రకారం నలుగురున్న ఇంటికి నెలకు 16,200 లీటర్లు చాలు. అంటే ఇచ్చేది పిసినారి లెక్కేమీ కాదు. ఆరుగురున్న ఇంటికి మాత్రం అదే కొలతతో 24,300 అవుతుంది. వాళ్లు చుక్క వృథా చెయ్యకపోయినా ఉచితం దాటేస్తారు. ఒంటరి పెద్దావిడకు 4,050 చాలు. ఆరుగురి ఇంటాయన మీద నీకు కోపం రాకూడదని ఈ లెక్క ముందే చెప్తున్నాను. ఇల్లు ఒకటేగాని, ఇంట్లో తలకాయలు ఒకటి కావు.

ఇంకోటి. ఉచితం అనేది జలమండలి నల్లా నీళ్లకే. మీ బోరుకీ, ట్యాంకర్‌కీ, సంపులోంచి పైకి తోసే మోటారు కరెంటుకీ ఎవరూ ఉచితం ఇవ్వలేదు. జలమండలి 5,000 లీటర్ల ట్యాంకర్‌కు 500 రూపాయలు తీసుకుంటుంది. కిలోలీటరు వంద రూపాయలన్నమాట. ఉచితం రాకముందు నల్లా నీళ్ల మొదటి స్లాబు కిలోలీటరుకు పది రూపాయలు. అదే నీళ్లు, అదే ఊరు, గొట్టంలో వస్తే పది, చక్రాల మీద వస్తే వంద. ప్రైవేటు ట్యాంకర్ అయితే మే నెలలో వాడు ఎంత చెప్తే అంత. ఇరవై లీటర్ల వాటర్ క్యాన్ ఇరవై రూపాయలే అనుకున్నా కిలోలీటరుకు వెయ్యి. నల్లా, కరెంటు, ట్యాంకర్ అన్నీ మెయింటెనెన్స్‌లో "వాటర్" అనే ఒక్క గీత కింద కలిపి రాసేస్తే "ఫ్రీ నీళ్లకు డబ్బులేంటి" అని అడగక ఏం చేస్తారు? నేనైనా అడుగుతాను. కాబట్టి మొదటి పని: ఆ గీతను నాలుగు గీతలు చెయ్యి. నల్లా ఎంత, బోరు కరెంటు ఎంత, మోటారు కరెంటు ఎంత, ట్యాంకర్లెన్ని, ఏ తేదీలు. లిఫ్ట్ పక్కన అతికించు. మీటరన్న మాట రెండు నెలలు ఎత్తకు.

నీళ్లకు డబ్బేంటన్న మాట మన రక్తంలోనే ఉందిలే. ఎండాకాలం చలివేంద్రం పెట్టి కుండలో నీళ్లు పోసే జాతి మనది. దాహమని వచ్చినవాడిని ఖాళీ చేతులతో పంపితే మా అమ్మమ్మ ఆ రోజు అన్నం తినేది కాదు. కానీ ఆ కుండలోకి నీళ్లు తెచ్చిందెవరు? అమ్మమ్మే, రెండు ఫర్లాంగులు నడిచి. ఆ నడకకు ఖరీదు కట్టలేదంతే. హైదరాబాద్‌లో ఇప్పుడు ఆ నడక కరెంటు నడుస్తోంది.

నేను 1978లో కాపురానికి వచ్చినప్పుడు ఇక్కడివాళ్లు గండిపేట నీళ్ల గురించి అత్తరు గురించి మాట్లాడినట్టు మాట్లాడేవాళ్లు. 1908 మూసీ వరద ఊరిని ముంచేశాక, విశ్వేశ్వరయ్యగారి సలహాతో 1920లో ఉస్మాన్‌సాగర్ (అదే గండిపేట), 1927లో హిమాయత్‌సాగర్ కట్టారు. గండిపేట నుంచి నీళ్లు వాలు మీద వాటంతటవే ఆసిఫ్‌నగర్ ఫిల్టర్ బెడ్లకు వచ్చేవి. మోటారు లేదు, కరెంటు లేదు. ఊరు పెరిగింది. మంజీర వచ్చింది, సింగూరు వచ్చింది, అవీ చాలలేదు. 2004లో కృష్ణ నీళ్లు తెచ్చారు. నాగార్జునసాగర్ నిండుగా ఉన్నా దాని మట్టం 590 అడుగులు. మన ఊరు 1,700 అడుగుల ఎత్తున కూర్చుంది. వంద కిలోమీటర్లకు పైగా దూరం, వెయ్యి అడుగులకు పైగా ఎత్తు. ఆ తర్వాత గోదావరి, ఎల్లంపల్లి నుంచి, ఇంకా దూరం. నీ వంటింట్లో నల్లా తిప్పగానే పడే నీళ్లు మెట్లెక్కి వచ్చాయి చిన్నీ. వాటికి ఎవరో ఒకరు కడుతూనే ఉన్నారు. ఇంటి యజమాని బిల్లులో కట్టకపోతే ఏ బట్ట కొన్నప్పుడో, ఏ పెట్రోలు పోయించుకున్నప్పుడో పన్నులో కడుతున్నారు. సొంత నల్లా లేనివాళ్లు కూడా.

అంతమాత్రాన ఉచితం తప్పని నేననను. బస్తీలో రెండు గదుల ఇంట్లో ఆరుగురికి ఆ నీళ్లు కావాలి. నాకు కిట్టనిదల్లా ఉచితానికి లెక్కతో పనిలేదనుకోవడం. ఆ పథకం మాత్రం అలా అనుకోలేదు, చూశావా? ఉచితం కావాలంటే పనిచేసే మీటరు ఉండాలి, క్యాన్ నంబరుకు, అంటే నల్లా కనెక్షన్ నంబరుకు, ఆధార్ ముడిపెట్టాలి అన్నారు. (మీ పెదనాన్న ఆ క్యాన్ నంబరు కోసం వాటర్ క్యాన్ తిప్పితిప్పి చూశారు. నవ్వకు.) బస్తీ కనెక్షన్లకు మీటరు షరతు పెట్టలేదు. అప్పటిదాకా మీటరంటే మొహం తిప్పుకున్న మా వీధివాళ్లు ప్లంబర్ కోసం పరుగులు పెట్టారు. డబ్బు కట్టాలంటే వద్దనుకున్న మీటరు, కట్టకుండా ఉండాలంటే కావలసొచ్చింది!

అదే మీటరు వద్దని ఇంకోచోట వీధుల్లో యుద్ధాలయ్యాయి. మీ అక్క 2013లో డబ్లిన్ వెళ్లింది కదా, టాలా అనే పేటలో అద్దెకుండేది. ఏడాది తిరక్కుండానే ఫోన్: "అమ్మా, ఇక్కడ నీళ్ల బిల్లు మీద జనం రోడ్డెక్కారు." నేను నమ్మలేదు. వాన ఆగని దేశంలో నీళ్ల గొడవేమిటి? తర్వాత అది వారం వారం చెప్తుంటే ఇక్కడి సీరియల్ మానేసి విన్నాను.

ఐర్లండ్‌లో ఇళ్ల నీటికి చార్జీ 1997లోనే ఎత్తేశారు. 2010లో దేశం అప్పుల్లో మునిగి యూరోపియన్ యూనియన్, ఐఎంఎఫ్‌ల దగ్గర చెయ్యి చాచినప్పుడు మళ్లీ వేస్తామని ఒప్పుకున్నారు. ఐరిష్ వాటర్ అని కొత్త సంస్థ పెట్టారు, ఇంటింటి ముందు ఫుట్‌పాత్ తవ్వి మీటర్లు బిగించడం మొదలుపెట్టారు. అప్పుడే ఆ సంస్థ పెద్ద రేడియోలో మాట్లాడుతూ కన్సల్టెంట్లకు 50 మిలియన్ యూరోలు ఖర్చయ్యాయని చెప్పాడు. 2014 జనవరిలో. అంతే, జనానికి మండింది. శుద్ధి చేసిన నీళ్లలో దాదాపు సగం ప్రభుత్వ గొట్టాల చిల్లుల్లోంచే భూమిలోకి పోతున్నాయి. కొన్ని ఊళ్లలో నల్లా నీళ్లు కాచుకుని తాగమని నోటీసులు. మా పన్నుల్లో ఇదివరకే కట్టాం కదా, ముందు మీ చిల్లులు పూడ్చుకుని అప్పుడు నా స్నానానికి మీటరు పెట్టండి అన్నారు. పైగా పేరు నమోదు చేసుకోవాలంటే మన ఆధార్ లాంటి నంబరు ఇమ్మన్నారు. అది చూసి ఇంకా రగిలారు, చివరికి ఆ అడగడం మానుకున్నారు. మీటరు బిగించే చోట జనం నిలబడి పని జరగనిచ్చేవాళ్లు కాదట. 2014 నవంబరులో మీ అక్క ఇంటికి దగ్గర్లోనే, జాబ్స్‌టౌన్‌లో, ఉప ప్రధాని కారును గంటల తరబడి కదలనివ్వలేదు. అంతకు నెల ముందు, అక్టోబరులో, ఆ ప్రాంతపు ఉప ఎన్నికలో చార్జీ కట్టొద్దన్న పాల్ మర్ఫీ గెలిచాడు.

ప్రభుత్వం భయపడి ఏం చేసిందో విను, నీకు పనికొచ్చేది ఇక్కడే ఉంది. ఎంత వాడినా ఒక్కరే పెద్దవాళ్లున్న ఇంటికి ఏడాదికి 160 యూరోలు, ఇద్దరు, అంతకంటే ఎక్కువమంది ఉంటే 260 మించదన్నారు. దాని మీద నీటి పొదుపు గ్రాంటని ఇంటికి 100 యూరోలు తిరిగిచ్చారు, పొదుపు చేశావా లేదా అని అడగకుండానే. ఇక మీటరెందుకు? ఆ హద్దు తాకాక ఇంకాస్త వాడినవాడికీ, నల్లా రాత్రంతా వదిలేసినవాడికీ ఒకే బిల్లు. వృథా ఆపడానికి మొదలుపెట్టిన పని గొడవ ఆపడానికి మారిపోయి, చివరికి రెండూ ఆగలేదు. 2016లో బిల్లులు నిలిపేశారు, 2017లో చట్టం చేసి కట్టినవాళ్లకు డబ్బు వెనక్కిచ్చారు. మీ అక్కకూ వచ్చింది, ఆ డబ్బుతో రెయిన్‌కోటు కొనుక్కుంది.

మొత్తం పోలేదు. నలుగురిదాకా ఉన్న ఇంటికి ఏడాదికి 2,13,000 లీటర్లు, అంతకు మించి ఒక్కో మనిషికి ఇంకో 25,000 లీటర్లు మామూలు వాడకం, అది దాటితేనే చార్జీ అని కొత్త లెక్క రాసుకున్నారు. దాన్ని అమలు చెయ్యడం వాయిదాల మీద వాయిదాలు పడుతూ వచ్చింది, అది వేరే కథ. కానీ రెండు సంగతులు చూడు. మన ఇరవై వేలు పన్నెండు నెలలకు 2,40,000 లీటర్లు. నలుగురున్న ఇంటికి వానల దేశం "ఇంతకు మించితే వృథా" అన్న గీత కంటే మన ఉచితం గీత పైన ఉంది! రెండోది, ఆ గీత గీసినవాళ్లు మనుషుల్ని లెక్కపెట్టారు. నువ్వు పెట్టలేదు.

ఇప్పుడు నా సంగతి. మీ అమ్మకు కూడా పూర్తిగా చెప్పలేదు.

2016 ఎండాకాలం. సింగూరు, మంజీర ఎండిపోయాయి, గండిపేట అడుగంటింది. మా ఇరవై నాలుగు ఫ్లాట్లకు నల్లా రోజు విడిచి రోజు, అదీ గంటసేపు. బోరు బురద కక్కుతోంది. రోజుకో ట్యాంకరు. అప్పటికి నేను నాలుగో ఏడు ట్రెజరర్‌ని, ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పి రిటైరైన టీచర్ని, నా అంత లెక్క ఎవరికీ రాదని నా నమ్మకం. మూడో అంతస్తులో ఒక ఇల్లుంది. ఎప్పుడూ చుట్టాలే. పొద్దున్నే బాల్కనీ కడుగుతారు, ఆ నీళ్లు కిందివాళ్ల తులసికోట మీద పడతాయి. దొంగ దొరికిందనుకున్నాను. మీటింగ్‌లో పేరు చెప్పకుండానే అందరికీ అర్థమయ్యేలా మాట్లాడాను. "కొందరి ఇళ్లు ఇళ్లు కావు, కల్యాణమండపాలు" అన్నాను. టీచర్ కదా, నాలుక పదును. ఆ ఇల్లాలు ఏడుస్తూ వెళ్లిపోయింది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పశ్చాత్తాపం వల్లేమీ కాదు, ఉక్కపోతకు. టెర్రస్ మీదికి వెళ్లాను. ఊరంతా పడుకుంది. ఓవర్‌హెడ్ ట్యాంకు పక్కన కూర్చుంటే లోపల సన్నగా నీళ్లు కదిలే చప్పుడు. ఒంటిగంటకు ఎవరు వాడుతున్నారు? వాచ్‌మన్‌ని లేపి మోటారు ఆపమని, టేపు తెప్పించి, నీళ్ల మట్టం కొలిచి బొగ్గుతో గీత గీశాను. మా ట్యాంకు మూడు మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పు. సెంటీమీటరు దిగితే అరవై లీటర్లు. నాలుగింటికి మళ్లీ కొలిచాను. పదకొండు సెంటీమీటర్లు.

కలిపి చూసుకో. మూడు గంటల్లో 660 లీటర్లు. గంటకు 220. రోజుకు 5,280. మేము రోజూ కొంటున్న ట్యాంకరు కంటే కొంచెం ఎక్కువ! ఊరంతా నీళ్లో అని ఏడుస్తుంటే మేము ట్యాంకరు తెప్పించి మరీ మురిక్కాలవలో పోసుకుంటున్నాం. కల్యాణమండపం పడుకునే ఉంది.

మర్నాటి రాత్రి ప్లంబర్‌ని కూర్చోబెట్టి, ట్యాంకులోంచి కిందికి దిగే గొట్టాల వాల్వులు ఒక్కొక్కటే కట్టేస్తూ మట్టం చూశాం. ఏ గొట్టం కడితే దిగడం తగ్గిందో ఆ వరస ఫ్లాట్లు తట్టాం. డక్ట్‌లో ఒక జాయింటు ఊడి గోడ వెంట కారుతోంది. కారీ కారీ నాచు పట్టింది, అయినా డక్ట్ తలుపు ఎవరు తీస్తారు? ఆరు ఫ్లాట్లలో ఫ్లష్ ట్యాంకులు లోపలి వాషర్ అరిగి, చప్పుడు లేకుండా కమోడ్‌లోకి కారుతున్నాయి. ఆ ఆరింటిలో ఒకటి మాది. మీ అక్క గది బాత్రూమ్. అది డబ్లిన్ వెళ్లాక మూడేళ్లుగా ఎవరూ వాడని గది! తలుపేసి ఉంచేదాన్ని. ఫ్లష్ ట్యాంకుకు నీళ్లొచ్చే కాక్ కట్టేసి చూస్తే అరగంటలో అయిదు లీటర్లు దిగాయి. రోజుకు 240 లీటర్లు, నెలకు 7,200. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, నా ఇంటి దొంగకు గది ఇచ్చి తలుపు వేసి కాపాడాను నేను.

వాషర్ ఖరీదు అప్పట్లో అరవై రూపాయలు.

మూడో అంతస్తుకు వెళ్లడానికి నాకు రెండు రోజులు పట్టింది. గుమ్మంలో నిలబడి నీళ్లు నమిలాను. ఆవిడ ఏమీ అనలేదు, మంచినీళ్లు ఇచ్చింది. అది ఇంకా కష్టంగా ఉండింది తల్లీ.

అందుకే చెప్తున్నాను, మీటర్ల కొటేషన్ పక్కన పడేసి ముందు రాత్రి లెక్క చెయ్యి. శనివారం రాత్రి అందరికీ ముందే చెప్పు, దొంగచాటుగా వద్దు, చూడాలనుకున్నవాళ్లని టెర్రస్ మీదికి పిలువు. ఒంటిగంటకో గీత, నాలుగింటికో గీత. ఆరుగురి ఇంటాయన్ని టేపు పట్టుకోమను. చేత్తో పట్టుకున్న లెక్కను మనిషి కాదనలేడు. ఆ లెక్క నీ నోటి నుంచి రావడం కన్నా ఆయన నోటి నుంచి వస్తే మేలు.

తర్వాత ఫ్లష్ ట్యాంకులు. దీనికి ప్లంబర్ కూడా అక్కర్లేదు. పడుకోబోయే ముందు ఫ్లష్ ట్యాంకు మూత తీసి నాలుగు చుక్కలు ఉజాలా వెయ్యాలి, అరగంట ఫ్లష్ చెయ్యకుండా ఉండాలి. కమోడ్‌లో నీలం కనిపించిందా, వాషర్ పోయినట్టే. నలభై ఫ్లాట్లకూ ఒకే రాత్రి చేయించు. పిల్లలకు అప్పగించు, సరదా పడతారు. ఎవరి ఇంట్లో నీలం వచ్చిందో వాట్సాప్ గ్రూపులో పెట్టకు. నేను చెప్పినదాంట్లో ఇదొక్కటి మర్చిపోయినా మిగతాదంతా పాడవుతుంది. అసోసియేషన్ డబ్బుతోనే వాషర్లు ఒకేసారి కొనిపించి బిగించెయ్యి. డబ్లిన్‌లో కూడా ఇంటి ఆవరణలో లీకు మీటరుకు దొరికితే మొదటిసారి ఉచితంగా బాగుచేసే పద్ధతి పెట్టారు. ఆ ఒక్క పని జనంతో తిట్లు తినలేదు.

చుక్క నల్లాల్ని చిన్నచూపు చూడకు. సెకనుకో చుక్క, నాలుగు చుక్కలు ఒక మిల్లీలీటరు అనుకో, రోజుకు ఇరవై లీటర్లు దాటుతుంది. చుక్క వినబడుతుంది కాబట్టి ఎవరో ఒకరు కట్టేస్తారు. వినబడనిదే ప్రమాదం. మీ ట్యాంకు నిండి పొర్లే గొట్టం ఎక్కడికి పోతుందో చూశావా? చాలా అపార్ట్‌మెంట్లలో దాన్ని వాననీళ్ల గొట్టంలో కలిపేస్తారు. గోడలు తడవకుండా అందంగా ఉంటుంది, వాచ్‌మన్ మోటారు వేసి నిద్రపోయినా ఎవరికీ తెలియదు. ఆ గొట్టాన్ని విడదీయించి, కార్లు పెట్టే చోట అందరికీ కనబడేలా వదిలించు. పొర్లినప్పుడు ప్రెసిడెంటుగారి కారు మీద పడేలా ఉంటే ఇంకా మంచిది.

కారు కడగడం గురించి నువ్వు తెగ బాధపడ్డావు. బెంగళూరులో 2024 మార్చిలో నీళ్లకు కటకటలాడినప్పుడు తాగే నీళ్లతో కార్లు కడిగితే 5,000 జరిమానా అన్నారు. మొదట్లో ఇరవై రెండు ఇళ్ల దగ్గర లక్షా పదివేలు వసూలు చేశారని పేపర్లో చదివాను. మంచిదే. మన జలమండలి కూడా నల్లాకు నేరుగా మోటారు బిగించి లాక్కునేవాళ్లకు 5,000 వేస్తామంది, అదీ మంచిదే, పక్కింటికి రావలసిన నీళ్లు దొంగిలించడమే అది. కానీ జరిమానా కనబడేవాడికే పడుతుంది. పైపు పట్టుకుని రోడ్డు మీద నిలబడినవాడు దొరుకుతాడు. తలుపేసిన గదిలో మూడేళ్లు నీళ్లు పారించిన రిటైర్డ్ టీచర్ దొరకదు. బకెట్టూ గుడ్డా చాలని చెప్పు, అక్కడితో వదిలెయ్యి.

ఆర్‌వో మిషన్ల గురించి మాత్రం గట్టిగానే మాట్లాడవచ్చు. గ్లాసు మంచినీళ్లకు మూడు గ్లాసులు సింకులోకి వదిలే యంత్రాలు ఉన్నాయి. నీళ్లలో కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపే ఉంటే అసలు ఆర్‌వో వద్దని 2019లో గ్రీన్ ట్రిబ్యునల్ అంది. ఆ లవణాలు కొలిచే టీడీఎస్ మీటరు ఒకటి తెప్పించి నల్లా నీళ్లు విడిగా, బోరు నీళ్లు విడిగా కొలిచి చూపించు. బోరు నీళ్లే తాగాల్సి వస్తే ఆర్‌వో ఉంచుకోమను, వదిలే నీళ్లు బకెట్లో పట్టి బాత్రూమ్ కడుక్కోమను.

ఇక మీటర్లు. వద్దని కాదు, చివర పెట్టుకో. మీది పదిహేనేళ్ల బిల్డింగు. ఫ్లాటులోకి నీళ్లు ఒక్క గొట్టంలో రావు. వంటింటికొకటి, రెండు బాత్రూమ్‌లకు రెండు, బట్టలుతికే చోటుకొకటి. నలభై ఫ్లాట్లకు నలభై మీటర్లని నీకు లెక్కిచ్చినవాడు మీ బిల్డింగు చూడలేదు. నూట అరవై అవుతాయి. ఒకటి అతుక్కుపోతే ఆ ఇంటి లెక్కంతా తప్పు. కిందున్న నల్లా మీటరు సంగతి ఇంకోటి: నీళ్లు వదలగానే ముందు గొట్టంలోని గాలి తోసుకొస్తుంది, ఆ గాలికి కూడా ముల్లు తిరుగుతుంది. గాలికి బిల్లు కడుతున్నామని ఎవరైనా అంటే నవ్వకు, కొంత నిజమే.

అన్నీ చేశాక కూడా ఖర్చు పంచుకోవలసి వస్తే, ఇంటికింత అని కాక మనిషికింత అని మొదలుపెట్టు. రేషన్ కార్డులు అడగొద్దు, ఎవరెంతమంది చెప్తే అంత రాసుకో. ఒకరిద్దరు తగ్గించి చెప్తారు, పోనీ. పెద్దావిడ భారం తగ్గుతుంది. ఆరుగురి ఇంటాయన గొణుగుతాడు, కానీ టేపు పట్టుకుని ఉంటాడు కాబట్టి గొణుగుడుతో ఆగుతాడు. మనిషికి ఇంత అని గీత గీసి, ఆ లోపు ట్యాంకర్ ఖర్చు అందరిదీ అనుకోండి. ఆ గీత మీరు కూర్చుని గీసుకోవాలి, నువ్వొక్కతివీ ఎక్సెల్‌లో గీసి తెచ్చింది కాకూడదు. నువ్వు ఆదివారం చేసింది అదే. లెక్క తప్పు కాదు తల్లీ, దాన్ని పుట్టించడంలో వాళ్ల చెయ్యి లేదు.

మీటింగ్‌లోంచి ఫైలు పడేసి వచ్చావు కదా, దానికి క్షమాపణ చెప్పక్కర్లేదు. ఎవరూ గుర్తుపెట్టుకోరు. ఆ పెద్దావిడ ఇంటికి మాత్రం ఒకసారి వెళ్లు. ఒక్కతే నీ పక్షాన మాట్లాడింది, నువ్వు వచ్చేశాక ఆవిడ వాళ్లందరి మధ్యా కూర్చునే ఉండి ఉంటుంది.

నా 2016 నోట్‌బుక్ ఇక్కడే ఉంది, ఏ వాల్వు కడితే ఎంత తగ్గిందో అన్నీ రాసి ఉన్నాయి. శనివారం సాయంత్రం వచ్చి తీసుకెళ్లు, లేదా నన్నే తీసుకెళ్లు. రాత్రి మెలకువగా ఉండడం ఈ వయసులో కష్టమేమీ కాదు. మీ పెదనాన్న కూడా వస్తానంటున్నారు, ఆయనకు మీ టెర్రస్ గాలి కావాలట. పొడుగు టేపు నా దగ్గరుంది. ఉజాలా సీసా మాత్రం పెద్దది కొనిపెట్టు, మా ఇంట్లోది అడుగంటింది.

ప్రేమతో,
పెద్దమ్మ